సాస్కటూన్ నుంచి కాల్గరీకి కారులో: హైవే 7, హైవే 9 గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

కెనడాలో సస్కాచువాన్ రాష్ట్రంలోని సాస్కటూన్‌లో ఉండే తెలుగువాళ్ళకి ఏదో ఒక రోజు పక్క రాష్ట్రం అల్బర్టాలోని కాల్గరీ పని పడుతుంది. అమ్మానాన్నల ఫ్లైట్, ఉగాది ఫంక్షన్, బాన్ఫ్ టూర్, కొత్త ఉద్యోగం, ఏదైనా కావచ్చు. అప్పుడు ఫోన్ చేసి అడిగే ప్రశ్నలు మాత్రం ఎప్పుడూ అవే. అందుకే ఒక్కచోట రాసి పెడుతున్నాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు.

## ప్లాన్ వేసుకునేటప్పుడు

మ్యాప్‌లో రెండు మూడు దారులు చూపిస్తోంది. ఏది పట్టుకోవాలి?

మామూలు రోజుల్లో హైవే 7. సాస్కటూన్ నుంచి డిలైల్, రోజ్‌టౌన్, కిండర్స్‌లీ మీదుగా అల్బర్టా సరిహద్దులోని ఆల్సాస్క్ దాకా వెళ్తుంది. సరిహద్దు దాటగానే అదే రోడ్డు అల్బర్టా హైవే 9 అవుతుంది. ఓయెన్, హానా, డ్రమ్‌హెల్లర్, బైసెకర్ దాటి కాల్గరీకి తూర్పున ట్రాన్స్-కెనడా హైవేలో కలుస్తుంది. పేరు మారినా మీరు మలుపు తిరగాల్సిన పని లేదు. రెండో దారి, రోజ్‌టౌన్ దగ్గర దక్షిణానికి తిరిగి హైవే 4 మీద స్విఫ్ట్ కరెంట్ చేరి, అక్కణ్ణుంచి నాలుగు లేన్ల ట్రాన్స్-కెనడా పట్టుకోవడం. చుట్టు దారే, కానీ ఎదురుగా వచ్చే ట్రక్కులంటే భయపడేవాళ్ళకి చివరి సగం ప్రాణానికి హాయి. ఎడ్మంటన్ మీదుగా మాత్రం అక్కడ పని ఉంటేనే వెళ్ళండి.

ఆరు గంటల్లో చేరతామా?

దూరం దాదాపు 620 కిలోమీటర్లు. ఎక్కడా ఆగకుండా, రోడ్డు పొడిగా ఉంటే ఆరు గంటల పైచిలుకు. పిల్లలుంటే ఎనిమిది వేసుకోండి. మన లెక్కలో 620 కిలోమీటర్లంటే హైదరాబాద్ నుంచి విశాఖపట్నం. కాకపోతే ఇక్కడ దారి పొడవునా ధాబాలు, టీ కొట్లు, పంక్చర్ షాపులు ఉండవు. ఒక ఊరు దాటాక తర్వాతి ఊరే. టైమ్ లెక్క వేసేటప్పుడు కిలోమీటర్లు కాదు, ఊళ్ళు చూసుకోండి: రోజ్‌టౌన్ 115, అక్కణ్ణుంచి కిండర్స్‌లీ 85, ఓయెన్ మరో వంద, హానా ఇంకో 105, డ్రమ్‌హెల్లర్ 80, కాల్గరీ 135. అన్నీ సుమారు లెక్కలే.

బస్సు గానీ రైలు గానీ లేదా?

ఈ రెండు ఊళ్ళ మధ్య ప్యాసింజర్ రైలు లేదు. సాస్కటూన్ మీదుగా వెళ్ళే వియా రైలు ఎడ్మంటన్ వైపు పోతుంది. సస్కాచువాన్ ప్రభుత్వ బస్సు సంస్థను 2017లో మూసేశారు. 2018 అక్టోబరు ఆఖరున గ్రేహౌండ్ కూడా పశ్చిమ కెనడా నుంచి వెళ్ళిపోయింది. పెద్ద ఊళ్ళ మధ్య ప్రైవేటు బస్సులు కొన్ని నడుస్తాయి గానీ మన ఆర్టీసీలా ప్రతి ఊళ్ళో ఆగే బస్సు లేదు. కిండర్స్‌లీలోనో హానాలోనో ఉద్యోగం వచ్చిందంటే కారు ఉండాల్సిందే.

ఇండియా లైసెన్సుతో నడపొచ్చా?

సస్కాచువాన్‌లో ఉండడానికి వచ్చినవాళ్ళు 90 రోజుల లోపు ఇక్కడి లైసెన్సు తీసుకోవాలి. ఇండియా లైసెన్సును నేరుగా మార్చి ఇవ్వరు, పరీక్షలు రాయాలి, రోడ్ టెస్ట్ పాసవ్వాలి. స్టూడెంట్లకి, విజిటర్లకి నియమాలు వేరు కాబట్టి లైసెన్సులు ఇచ్చే ఎస్‌జీఐ ఆఫీసులో మీ వీసా కాగితాలు చూపించి అడగండి. స్నేహితుడి మాట పట్టుకుని మాత్రం వెళ్ళకండి. అతను వచ్చిన రోజుకీ మీరు వచ్చిన రోజుకీ రూల్స్ మారి ఉండొచ్చు. లైసెన్సు చేతికొచ్చినంత మాత్రాన ఈ రోడ్డుకి తయారైనట్టు కూడా కాదు. సిటీలో నెల రోజులు నడిపి, రోజ్‌టౌన్ దాకా ఒకసారి పగటిపూట వెళ్ళొచ్చి, అప్పుడు కాల్గరీ పెట్టుకోండి.

రాత్రి బయల్దేరితే ట్రాఫిక్ ఉండదు కదా?

ఈ రోడ్డు మీద పగలు కూడా ట్రాఫిక్ ఉండదు, కాబట్టి రాత్రి వెళ్ళి కలిసొచ్చేది ఏమీ లేదు. పైగా చీకట్లో జింకలు, నిద్ర, మూసేసిన పెట్రోల్ బంకులు. ఇండియాలో రాత్రి ప్రయాణం ఎండ తప్పించుకోవడానికి. ఇక్కడ ఆ అవసరమే లేదు. జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుగుంటుంది. డిసెంబరులో మాత్రం సాస్కటూన్‌లో పొద్దున తొమ్మిది దాటితే గానీ సూర్యుడు రాడు, సాయంత్రం ఐదు కాకుండానే వెళ్ళిపోతాడు. చలికాలంలో మొత్తం ప్రయాణం వెలుగులో అవ్వదు. అందుకే తెలియని సగాన్ని వెలుగులో పెట్టుకోండి. ఇంకో సంగతి: మీరు పడమటికి వెళ్తున్నారు, మధ్యాహ్నం దాటాక ఎండ సూటిగా కళ్ళలో కొడుతుంది. సన్ గ్లాసెస్ డాష్‌బోర్డులో కాదు, చేతికందేలా ఉండాలి.

అమ్మానాన్నల ఫ్లైట్ కాల్గరీలో దిగుతోంది. అదే రోజు సాస్కటూన్ తీసుకొచ్చేయొచ్చా?

వద్దు. నాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే, నా జవాబు ఎప్పుడూ ఇదే. ఇరవై నాలుగు గంటల పైన ప్రయాణం చేసి దిగినవాళ్ళు, కాళ్ళు వాచి ఉంటాయి. ఇమిగ్రేషన్, లగేజీ అయ్యేసరికి సాయంత్రం అవుతుంది. మీరు పొద్దున్నే ఆరు గంటలు నడిపి అక్కడికి వచ్చారు. మళ్ళీ ఆరు గంటలు చీకట్లో నడపడం, అదీ చలికాలంలో అయితే, హోటల్ డబ్బు మిగుల్చుకోవడానికి చేసే పని కాదు. కాల్గరీలో ఒక రాత్రి పడుకుని, పొద్దున టిఫిన్ తిని బయల్దేరండి. జనవరిలో అయితే వాళ్ళకి కోట్లు, బూట్లు, గ్లవ్స్ మీరే కారులో పెట్టుకుని వెళ్ళండి. సూట్‌కేసులో అడుగున ఉన్న స్వెట్టర్ పార్కింగ్ లాట్ దాకా కూడా పనికిరాదు.

## రోడ్డు మీద

స్పీడ్ లిమిట్ ఎంత? అందరూ నన్ను దాటేస్తున్నారు.

సాస్కటూన్ నుంచి డిలైల్ దాకా మధ్యలో డివైడర్‌లా పచ్చిక ఉన్న నాలుగు లేన్లు, 110. తర్వాత రెండు లేన్లు, 100. అల్బర్టా వైపు కూడా 100. ఊళ్ళ దగ్గర తగ్గుతుంది, బోర్డు కనబడిన చోట నుంచే లెక్క. సస్కాచువాన్‌లో రోడ్డు పనివాళ్ళ పక్క నుంచి గానీ, లైట్లు వెలుగుతూ ఆగి ఉన్న పోలీసు, అంబులెన్సు, టో ట్రక్కుల పక్క నుంచి గానీ వెళ్ళేటప్పుడు 60 దాటకూడదు. అల్బర్టాలో కూడా అలాంటి నియమమే ఉంది. వెనకాల వచ్చేవాడు తొందరపెడితే వాడికి దారి ఇవ్వడానికి రోడ్డు అంచు (షోల్డర్) మీదికి దిగకండి. దాటడానికి వేసిన అదనపు లేన్ (పాసింగ్ లేన్) వచ్చినప్పుడు కుడివైపు ఉండండి, వాడే పోతాడు.

పొడవాటి ట్రక్కును ఎలా దాటాలి? భయంగా ఉంది.

రెండు ట్రెయిలర్ల ధాన్యం ట్రక్కులు ఈ దారిలో మామూలే. డిలైల్ దాటాక కొన్నిచోట్ల పాసింగ్ లేన్లు ఉన్నాయి, వాటి బోర్డు ముందే కనిపిస్తుంది. వాటి కోసం ఆగండి. లేనిచోట దాటాల్సి వస్తే, ఎదురుగా రోడ్డు ఎంత ఖాళీగా కనిపించినా మోసపోకండి. ఈ నేల చదునుగా ఉండడం వల్ల నాలుగు కిలోమీటర్ల అవతలి హెడ్‌లైట్లు కూడా కనిపిస్తాయి, అవి దూరంగా ఉన్నాయో దగ్గరగా ఉన్నాయో చాలాసేపు తెలియదు. ఇంకొకటి, గాలి. ట్రక్కు పక్కన ఉన్నంతసేపూ పక్కగాలి కొట్టదు. దాని ముందుకి రాగానే ఒక్కసారి కొడుతుంది, కారు అర అడుగు పక్కకి జరుగుతుంది. స్టీరింగ్ రెండు చేతుల్తో పట్టుకుని ఉంటే అంతే, ఏమీ కాదు. చలికాలంలో ట్రక్కు వెనక లేచే పొడిమంచులోకి మాత్రం దూరకండి. అందులో ముందు ఏముందో మీకు కనిపించదు, ఎదుటివాడికి మీరు కనిపించరు.

రోడ్డు సూటిగా ఉంది, నిద్ర వస్తోంది. ఏం చేయాలి?

ఈ రోడ్డుకి ఉన్న అసలు ప్రమాదం ఇదే. ఘాట్ రోడ్డులో ఎవరూ నిద్రపోరు. ఇక్కడ క్రూజ్ కంట్రోల్ పెట్టి, వేడి హీటరు వేసి, వెనక అందరూ పడుకుంటే డ్రైవరు కళ్ళు తెరిచే నిద్రపోతాడు. రోడ్డు అంచున గీతలు తవ్వి ఉంటాయి, టైరు వాటి మీదికి ఎక్కితే కారంతా బర్రుమని వణుకుతుంది. ఆ శబ్దం ఒక్కసారి వినిపించినా తర్వాతి ఊళ్ళో ఆగి పదిహేను నిమిషాలు పడుకోండి. పాటలు పెంచడం, అద్దం దించడం, బబుల్ గమ్, ఇవన్నీ పది నిమిషాల మందులు. భోజనం కడుపునిండా తిని బయల్దేరే అలవాటు ఉంటే ఆ రోజుకి మానుకోండి.

జింకలు నిజంగానే అంత వస్తాయా?

వస్తాయి, ముఖ్యంగా అక్టోబరు, నవంబరుల్లో, తెల్లవారుజామున, మునిమాపు వేళ. ఒకటి దాటితే వెనక ఇంకొకటి ఉందనే అనుకోండి. ఎదురుగా వచ్చేస్తే బ్రేకు గట్టిగా వేయండి, స్టీరింగ్ తిప్పకండి. జింకను గుద్దిన కారు కంటే, జింకను తప్పించబోయి ఎదురు లేన్‌లోకో గుంటలోకో వెళ్ళిన కారు పరిస్థితి ఎక్కువ ఘోరం. మూస్ అనే పెద్ద దుప్పి కథ వేరు. దాని కాళ్ళు పొడుగు, గుద్దితే ఐదు వందల కిలోల ఒళ్ళు బానెట్ మీదుగా అద్దంలోకి వస్తుంది. కళ్ళు హెడ్‌లైటు ఎత్తు కంటే పైన ఉండడంతో చీకట్లో మెరవవు. దానికి ఉన్న మందు ఒక్కటే: చీకటి పడ్డాక వేగం తగ్గించడం.

ముందు పెద్ద యంత్రం నెమ్మదిగా పోతోంది, రోడ్డంతా దానిదే. హారన్ కొట్టొచ్చా?

కొట్టకండి. విత్తనాల కాలం మేలో, కోతలు ఆగస్టు, సెప్టెంబరుల్లో. కోత యంత్రం (కంబైన్) డ్రైవరు మిమ్మల్ని చూశాడు, తన పొలం దారి రాగానే పక్కకి తిరుగుతాడు. ఎడమవైపు ఖాళీ దొరికిందని దూరితే, వాడు ఎడమకే తిరగబోతుండొచ్చు. ఇక్కడ పొలం దారులు మైలుకొకటి ఉంటాయి.

పక్క రోడ్ల నుంచి వచ్చేవాళ్ళు ఆగుతారని నమ్మొచ్చా?

పూర్తిగా నమ్మకండి. 2018 ఏప్రిల్ 6న ఇదే రాష్ట్రంలో హైవే 35, 335 కూడలిలో స్టాప్ సైన్ దగ్గర ఆగని ట్రక్కు హంబోల్ట్ బ్రాంకోస్ హాకీ జట్టు బస్సుకు అడ్డంగా వచ్చింది. పదహారు మంది చనిపోయారు. ఆ తర్వాత ట్రక్కు డ్రైవర్లకి తప్పనిసరి శిక్షణ పెట్టారు. కూడలి దగ్గర పడుతుంటే కాలు యాక్సిలరేటర్ మీంచి తీసి రెండువైపులా చూసే అలవాటు చేసుకోండి. గ్రావెల్ (కంకర) రోడ్డు మీద లేచే దుమ్ము చూస్తే ఎవరో వస్తున్నారని చాలా ముందే తెలుస్తుంది.

## ఆగే చోట్లు, చూసేవి

పెట్రోల్ ఎక్కడ కొట్టించుకోవాలి? తినడానికి ఏం దొరుకుతుంది?

రోజ్‌టౌన్, కిండర్స్‌లీ, ఓయెన్, హానా, డ్రమ్‌హెల్లర్. సగం ట్యాంకు అయితే నింపేయండి, ఖాళీ అయ్యేదాకా చూడకండి. తిండికి బర్గర్లు, పిజ్జాలు, కాఫీ. శాకాహారులు ఇంటి నుంచే తెచ్చుకోవడం మేలు. పులిహోర, చపాతీ రోల్స్ బాగుంటాయి. పెరుగన్నం డబ్బా మాత్రం జనవరిలో డిక్కీలో పెట్టకండి, గడ్డ కట్టిపోతుంది. నీళ్ళ సీసాలూ అంతే, మీ పక్కన పెట్టుకోండి.

పసుపు పచ్చ పొలాలు ఎప్పుడు? లోపలికి వెళ్ళి ఫొటోలు దిగొచ్చా?

అది కనోలా, మన ఆవాల కుటుంబమే. జూలైలో పూస్తుంది. పొలంలోకి వెళ్ళకండి. 2022 జనవరి నుంచి సస్కాచువాన్‌లో రైతు అనుమతి లేకుండా పొలంలోకి అడుగుపెట్టడం, కంచె లేకపోయినా, చట్టప్రకారం తప్పు. చట్టం సంగతి అలా ఉంచితే, బూట్లకి అంటుకున్న మట్టితో క్లబ్‌రూట్ అనే వేరుతెగులు ఒక పొలం నుంచి ఇంకో పొలానికి పోతుంది. ఒకసారి నేలలో చేరితే ఏళ్ళ తరబడి ఉంటుంది. పక్కన గ్రావెల్ రోడ్డులోకి తిరిగి, కారు ఆపి, గట్టున నిలబడి దిగండి. ఫొటోలో తేడా ఏమీ తెలియదు.

మనం తినే పప్పు ఇక్కడి నుంచే వస్తుందా?

మైసూర్ పప్పు అయితే చాలావరకు అవును. కెనడాలో పండే మసూర్‌లో సింహభాగం సస్కాచువాన్‌దే. రోజ్‌టౌన్, కిండర్స్‌లీ చుట్టుపక్కల నేల దానికి పెట్టింది పేరు. డెబ్భైల దాకా ఇక్కడ గోధుమే గోధుమ. సాస్కటూన్‌లోని సస్కాచువాన్ యూనివర్సిటీలో ఆల్ స్లింకార్డ్ అనే శాస్త్రవేత్త ఈ వాతావరణానికి సరిపడే మసూర్ రకాలు తయారు చేశాడు. 1978లో వచ్చిన లెయిర్డ్, 1980లో వచ్చిన ఎస్టన్ అందులోవే. రెండోది కిండర్స్‌లీకి దగ్గర్లోని ఊరి పేరు. 2017 ఆఖర్లో ఇండియా బఠాణీల మీద 50 శాతం, మసూర్ మీద 30 శాతం దిగుమతి సుంకం వేసినప్పుడు ఈ ఊళ్ళ కాఫీ షాపుల్లో అదే మాట. ఢిల్లీలో తీసుకున్న నిర్ణయం గురించి కిండర్స్‌లీ రైతుకి మనకంటే ఎక్కువ తెలుసు. ఇంకా ఎరువు సంగతి కూడా ఉంది: సాస్కటూన్ దాటగానే వాన్స్‌కాయ్ దగ్గర కనిపించేది పొటాష్ గని. మన రైతులు వరికి వేసే ఎర్ర పొటాష్ ఇండియాలో తవ్వరు, దిగుమతే. అది వచ్చే పెద్ద చోట్లలో ఈ రాష్ట్రం ఒకటి.

ఊళ్ళన్నీ ఒకేలా, సమదూరంలో, సగం ఖాళీగా ఉన్నాయేంటి?

రోడ్డు కంటే ముందు రైలు వచ్చింది. కెనేడియన్ నార్తర్న్ కంపెనీ వేసిన గూస్ లేక్ లైన్ వెంబడే ఈ ఊళ్ళు పుట్టాయి. రైతు గుర్రబ్బండిలో ధాన్యం తెచ్చి అదే రోజు ఇంటికి చేరాలి కాబట్టి పది, పదిహేను కిలోమీటర్లకొక స్టేషను, స్టేషను పక్కన ధాన్యం నిల్వచేసే ఎత్తైన చెక్క గోదాము, అంటే ఎలివేటరు. 1930లలో సస్కాచువాన్ మొత్తంలో మూడు వేలకు పైగా ఎలివేటర్లు ఉండేవి. ఇప్పుడు పొలాలు పెద్దవయ్యాయి, ట్రక్కులొచ్చాయి, కాంక్రీటు టెర్మినళ్ళు కొన్ని చాలు. ఎలివేటరు పోతే బడి పోయింది, బడి పోతే కొట్టు పోయింది. సరిహద్దు అవతల దెబ్బ ఇంకా ముందే తగిలింది. అక్కడి నేలకి వానలు తక్కువని, ఈ ప్రాంతాన్ని పరిశీలించడానికి 1857లో యాత్ర మొదలుపెట్టిన జాన్ పాలిసర్ అప్పట్లోనే రాశాడు, అయినా భూములు పంచారు. కరువుకి తట్టుకోలేక జనం వెళ్ళిపోయారు. 1938లో అల్బర్టా ఆ ప్రాంతాన్ని స్పెషల్ ఏరియాస్ పేరుతో తన పాలనలోకి తీసుకుంది. హానా కేంద్రంగా ఆ బోర్డు ఇప్పటికీ ఉంది. ఓయెన్ దాటాక పొలాలు తగ్గి పశువుల బీళ్ళు ఎందుకు ఎక్కువయ్యాయో మీకే అర్థమవుతుంది.

సరిహద్దు దగ్గర ఆ పెద్ద తెల్ల గుండు ఏంటి? గుడా?

కాదు, రాడార్ గోపురం. సోవియట్ బాంబర్లు ఉత్తర దిక్కు నుంచి వస్తాయన్న భయంతో కట్టిన రాడార్ స్టేషన్ల వరస పైన్‌ట్రీ లైన్‌లో ఆల్సాస్క్ ఒక స్టేషను. 1963 నుంచి 1987 దాకా పనిచేసింది. ఆ రోజుల్లో ఊరు కళకళలాడింది, ఇప్పుడు గోపురమే మిగిలింది. ఆల్సాస్క్ పేరు కూడా అల్బర్టా, సస్కాచువాన్‌లలో సగం సగం కలిపి పెట్టిందే.

సరిహద్దు దాటితే టైమ్ మారుతుందా?

చలికాలంలో మారుతుంది, వేసవిలో మారదు. సస్కాచువాన్ గడియారాలు ఏడాది పొడవునా కదపదు. అల్బర్టా కదుపుతుంది. కాబట్టి నవంబరు నుంచి మార్చి దాకా అల్బర్టా ఒక గంట వెనక. వెళ్ళేటప్పుడు గంట కలిసొస్తుంది, వచ్చేటప్పుడు పోతుంది. ఎయిర్‌పోర్టు పని ఉంటే ఫోన్‌లో టైమ్ కాకుండా కాల్గరీ టైమ్ కాగితం మీద రాసుకోండి.

డ్రమ్‌హెల్లర్‌లో ఆగడం దండగా?

పిల్లలుంటే ఆగి తీరాలి. దాదాపు ఐదు గంటలు చదునైన నేల చూసి చూసి విసిగిపోయాక రోడ్డు ఉన్నట్టుండి లోయలోకి దిగుతుంది. గోడలన్నీ చారలు చారలుగా బూడిద రంగు, గోధుమ రంగు. 1884లో జోసెఫ్ టిరెల్ బొగ్గు నిక్షేపాలు చూడ్డానికి వచ్చి ఆల్బర్టోసారస్ పుర్రె కనిపెట్టింది ఇక్కడే. ఆయన పేరు మీద 1985లో తెరిచిన రాయల్ టిరెల్ మ్యూజియంకి కనీసం రెండు గంటలు కావాలి. వెళ్ళేముందు టైమింగ్స్ చూసుకోండి, వేసవికీ చలికాలానికీ తేడా ఉంటుంది. అంత టైమ్ లేకపోతే కాల్గరీ వైపు పదిహేడు కిలోమీటర్లలో హార్స్‌షూ కాన్యన్ రోడ్డు పక్కనే ఉంది. పావుగంట చాలు.

## చలికాలం

ఈ రోజు బయల్దేరొచ్చా లేదా ఎలా తెలుస్తుంది?

రోడ్ల పరిస్థితి చెప్పే సర్వీసులు ఉన్నాయి: సస్కాచువాన్‌కి హైవే హాట్‌లైన్, అల్బర్టాకి 511. రెండూ చూడాలి, ఒకటి చూస్తే సగం దారే తెలుస్తుంది. ప్రయాణం మంచిది కాదని అక్కడ ఉంటే అది సలహా అనుకోకండి, వద్దన్నట్టే లెక్క. రోడ్డు మూసేశారంటే మూసేసినట్టే. చలి ఎంతన్నది కంటే గాలి ఎంతన్నది చూడండి. మైనస్ 30లో గాలి లేకపోతే రోడ్డు శుభ్రంగా ఉండొచ్చు. మైనస్ 8లో గాలి గంటకి అరవై కిలోమీటర్లు దాటితే రోడ్డే కనిపించదు. ఫంక్షన్ టికెట్లు కొన్నామనో, సెలవు మళ్ళీ దొరకదనో బయల్దేరేవాళ్ళని చూస్తే నాకు టెన్షన్. ప్రతి చలికాలపు ప్రయాణానికీ ఒక రోజు అటూ ఇటూ ఖాళీ పెట్టుకోండి.

వింటర్ టైర్లు తప్పనిసరా?

ఈ రెండు రాష్ట్రాల్లో చట్టం అడగదు. నేను అడుగుతాను. కొండ, మంచు రేకు గుర్తు ఉన్న టైర్లు నాలుగూ వేయించండి, ముందు రెండే వేస్తే వెనక భాగం జారుతుంది. రాత్రి బయట ఉంచే కారుకి ఇంజిన్‌ని వెచ్చగా ఉంచే బ్లాక్ హీటర్ ప్లగ్ పెట్టండి. హోటల్ బుక్ చేసేటప్పుడు పార్కింగ్‌లో ప్లగ్ ఉందా అని అడగండి.

మంచు రోడ్డు మీద పాములా పాకుతోంది. ఆగాలా, పోవాలా?

ముందు గీతలు కనిపిస్తున్నంతసేపు నెమ్మదిగా పోవచ్చు. క్రూజ్ కంట్రోల్ తీసేయండి. హెడ్‌లైట్లు చేత్తో ఆన్ చేయండి, పగటిపూట వాటంతటవే వెలిగే లైట్లతో చాలా కార్లకి వెనక లైటు వెలగదు. కళ్ళు పాకే మంచు మీద పెడితే కారు పక్కకి పోతున్నట్టు భ్రమ కలుగుతుంది, చూపు దూరంగా పెట్టండి. గీతలు కనిపించడం మానేస్తే దగ్గర్లోని ఊళ్ళోకి తిరిగిపోండి. నడిరోడ్డు మీద మాత్రం ఆగొద్దు.

కారు గుంటలో పడి ఇరుక్కుపోతే?

కారు దిగి నడవకండి. దూరంగా కనిపించే ఇంటి దీపం ఐదు కిలోమీటర్లు ఉండొచ్చు. గాలితో కలిపి చలి మైనస్ 40 ఉంటే కప్పుకోని చర్మం ఐదు, పది నిమిషాల్లో గడ్డకడుతుంది. ముందు పొగ గొట్టం చుట్టూ మంచు తీసేయండి, లేకపోతే విషవాయువు లోపలికొస్తుంది. గంటకి పది నిమిషాలు ఇంజిన్ వేసి ఆపండి, ఆ సేపు ఒక అద్దం కొంచెం దించి ఉంచండి. కారులో ముందే ఉండాల్సినవి: దుప్పట్లు, పార, టార్చి, జంపర్ కేబుళ్ళు, తినడానికి ఏదైనా, ఫోన్ చార్జరు, రేకు డబ్బాలో కొవ్వొత్తి, అగ్గిపెట్టె. కొవ్వొత్తి చూసి నవ్వకండి, చిన్న కారులో అది చేసే పని చాలా ఉంది.

## ఏదైనా జరిగితే

సిగ్నల్ లేకపోతే ఎవరికి చెప్పాలి?

కొన్నిచోట్ల, ముఖ్యంగా ఓయెన్ నుంచి హానా మధ్య, సిగ్నల్ పోయి వస్తుంటుంది. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. మీ నెట్‌వర్క్ కనిపించకపోయినా 911 కొట్టి చూడండి, వేరే కంపెనీ టవరు మీద కలవొచ్చు. ఎక్కడున్నారని అడిగితే హైవే నంబరు, ఎటువైపు వెళ్తున్నారు, చివరగా దాటిన ఊరు, పక్క రోడ్డు బోర్డు మీద రాసి ఉన్న రేంజ్ రోడ్డు లేదా టౌన్‌షిప్ రోడ్డు నంబరు చెప్పండి. అందుకే అలాంటి బోర్డులు దాటినప్పుడల్లా పక్కన కూర్చున్నవాళ్ళు ఒకసారి చదువుతుంటే మంచిది. బయల్దేరేటప్పుడు ఇంట్లో ఒకరికి దారి, చేరే టైమ్ చెప్పి వెళ్ళండి.

జింకను గుద్దేశాం, కారు నడుస్తోంది. వెళ్ళిపోవచ్చా?

హజార్డ్ లైట్లు వేసి షోల్డర్‌కి తీయండి. ఎవరికైనా దెబ్బలు తగిలినా, చచ్చిన జంతువు లేన్‌లో పడి ఉన్నా 911. జింక బతికే ఉంటే దగ్గరికి వెళ్ళకండి, కాళ్ళతో తన్నుతుంది. తర్వాత బానెట్ కింద నీళ్ళు, ఆయిలు కారుతున్నాయా, రెండు హెడ్‌లైట్లు వెలుగుతున్నాయా, బానెట్ గట్టిగా పడుతోందా చూడండి. ఈ మూడింటిలో ఏది తేడాగా ఉన్నా నడపొద్దు, టో పిలవండి. రేడియేటర్ పగిలిన కారు మరో ఇరవై కిలోమీటర్లు బాగానే వెళ్తుంది, తర్వాత ఇంజిన్ పోతుంది. ఫొటోలు తీసి, చోటు రాసుకుని, ఇన్సూరెన్సుకి ఆ రోజే ఫోన్ చేయండి. అద్దె కారైతే వాళ్ళకి కూడా.

సగం దారిలో రోడ్డు మూసేస్తే?

అక్కడే ఉండిపోండి. కిండర్స్‌లీ, హానా, డ్రమ్‌హెల్లర్‌లలో హోటళ్ళు ఉన్నాయి. అలాంటి రాత్రి ట్రక్కువాళ్ళతో గదులు త్వరగా నిండుతాయి కాబట్టి మూసేశారని తెలిసిన నిమిషమే ఫోన్ చేసి గది పట్టుకోండి. గ్రావెల్ రోడ్ల మీదుగా చుట్టు తిరిగి వెళ్దామని మ్యాప్ చెబుతుంది, వినకండి. వాటి మీద మంచు తీసే బండి రేపు మధ్యాహ్నానికి గానీ రాదు.